ఒక్క క్వాయ్ దూరం

మా లైట్‌మౌసాన్ ఊరిపెద్ద పేరు ఫుల్‌మూన్. వాళ్ళమ్మ ఏ పున్నమి చూసి పెట్టిందో గాని, ఆయన వల్ల ఎవరింట్లోనైనా వెలుగు పడ్డ రోజు ఊళ్ళో ఒక్కరికీ గుర్తు లేదు.

జిల్లాకి క్యాన్సర్ ఆస్పత్రి మంజూరైందనీ, స్థలం చూపించమనీ ప్రభుత్వం నుంచి ఒక కాగితం వచ్చింది. అందులో ఒక గడి: స్థలం రోడ్డుకి ఎంత దూరం? ఫుల్‌మూన్ ఆ గడిలో "ఒక్క క్వాయ్ దూరం" అని రాయించాడు. పంచాయతీ గుమస్తా భయం భయంగా, "మీటర్లలో అడిగారు బా" అన్నాడట. "మీటర్లు వాళ్ళే వేసుకుంటారులే, చదువుకున్నవాళ్ళు కదా" అన్నాడట ఈయన.

క్వాయ్ అంటే పచ్చి వక్క చెక్క, సున్నం రాసిన తమలపాకు, అంతే. మా ఖాసీ కొండల్లో ఇంటికొచ్చిన వాడికి మంచినీళ్ళ కన్నా ముందు అదే పెడతాం. గడియారాలు లేని రోజుల్లో దారి కూడా దాంతోనే కొలిచేవారు. ఒక క్వాయ్ బుగ్గన పెట్టుకుని, అది నమిలి అయిపోయేదాకా నడిస్తే ఒక క్వాయ్ దూరం. మా అమ్మమ్మ మూడు క్వాయ్‌ల దూరం నడిచి సంతకి వెళ్ళేది. ఆవిడ కొలతలో తప్పు లేదు. ఆవిడ అబద్ధం చెప్పడానికి ఆ కొలత వాడలేదు.

ఫుల్‌మూన్ చూపించిన స్థలం కొండ మీద. ఆ కొండ ఆయనది కాదు, ఆయన చెల్లెలిది. మా దగ్గర ఆస్తి ఇంటి ఆఖరి ఆడపిల్లకి వెళుతుంది. కానీ ఆ ఆస్తి తరఫున మాట్లాడే నోరు మాత్రం అన్నలదీ, మేనమామలదీ. పైన ఆస్పత్రి కడితే పైదాకా తారు రోడ్డు వేస్తారు. రోడ్డు పడితే దానికి రెండు పక్కలా ఉన్న రాళ్ళగుట్టలన్నీ ఇళ్ళ స్థలాలవుతాయి. పేరుకి దానం, లోపల బేరం. ఈ సంగతి ఊళ్ళో మేకలకి కూడా తెలుసు.

రెండో స్థలం కూడా ఉంది. రోడ్డు పక్కనే, బల్లపరుపుగా, ఊరి ఉమ్మడి మైదానం. కానీ అందులో మా మగమహారాజులు రోజూ మధ్యాహ్నం బాణాలాట ఆడతారు. గడ్డిమోపుకి బాణాలు వేసి, ఎన్ని గుచ్చుకున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కలో చివరి రెండంకెల మీద ఊరంతా పందాలు కాస్తుంది. రాత్రి కలలో చేప కనిపిస్తే ఒక అంకె, పాము కనిపిస్తే ఇంకో అంకె. ఇంత గొప్ప విద్యకి నిలయమైన చోట రోగుల్ని పడుకోబెట్టడం వాళ్ళకి మనసొప్పలేదు.

నేను ముప్పై ఏళ్ళు జిల్లా ఆస్పత్రిలో నర్సుగా చేశాను. పేరు ఐబాన్‌హున్, ఊళ్ళో అందరికీ కాంగ్ హున్‌ని. కాంగ్ అంటే అక్క, బా అంటే అన్న. నేను చేరిన కొత్తలో గొంతు జబ్బుతో వచ్చేవాళ్ళు వార్డులో ఇద్దరో ముగ్గురో ఉండేవారు. నేను దిగిపోయేనాటికి మంచాలు చాలక వరండాలో చాపలు పరిచాం. కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవాలంటే సుమో ఎక్కి, నాలుగు గంటలు మలుపులు తిరిగి, గువాహటికి దిగాలి. సగం మంది రెండోసారికి వెళ్ళరు. వెళ్ళని వాళ్ళ గురించి కొన్నాళ్ళకి ఊళ్ళో, "దేవుడింట్లో క్వాయ్ తింటున్నాడు" అంటారు. పోయినవాళ్ళ గురించి మేము అనే మాట అది. పోగొట్టింది ఆ క్వాయే అని చెప్పడానికి ఎవరికీ నోరు రాదు. నోటి నిండా అదే ఉంటుంది మరి. నన్ను నేను మినహాయించుకోవడం లేదు. పగలంతా మానండి మానండి అని అందరికీ చెప్పి, డ్యూటీ దిగగానే గేటు దగ్గర ఒకటి బుగ్గన పెట్టుకున్న ఘనురాలిని నేను.

స్థలం సంగతి తేల్చడానికి ఊరి సభ పెట్టారు. మా సభలో ఆడవాళ్ళు వెనక కూర్చుని వినొచ్చు, మాట్లాడకూడదు. ముందు వరసలో మగవాళ్ళు దవడలాడిస్తూ కూర్చున్నారు.

ఫుల్‌మూన్ లేచాడు. "రోగికి కావాల్సింది గాలి. కొండ మీద ఉన్న గాలి కింద ఉందా? డీజిల్ పొగలో ఎవడికి నయమవుతుంది? ఎంతా, ఒక్క క్వాయ్ దూరం!"

"మైదానం పోతే బాణాలెక్కడ వేసుకోవాలి, మీ ఇంటి పెరట్లోనా?" అని విలుకాళ్ళ నాయకుడు కోర్‌డోర్ అరిచాడు. ఇంకా ఎవరూ మైదానం ఇమ్మని అడగనే లేదు.

"పైగా కొండ మీదంటే దేవుడికి దగ్గర" అన్నాడు చర్చి పెద్ద.

"అవును, అక్కణ్ణుంచి పంపించడం సులువు" అన్నాను నేను.

గట్టిగానే అన్నాను. సభంతా వెనక్కి తిరిగింది. ఒక ముసలాయన కర్ర నేలకేసి కొట్టి, "పెట్ట కూస్తే లోకం మునిగినట్టే! పెద్దలు ఊరికే అన్నారా?" అన్నాడు.

"కూర్చో కాంగ్ హున్" అన్నాడు ఫుల్‌మూన్, పిల్లని సముదాయించినట్టు. "నీ బాధ మాకు తెలుసు. మీ అక్కకి బాగోలేదు. మనసు బాగోనప్పుడు మాట తూలుతుంది."

నేను కూర్చున్నాను. అది ఈనాటికీ నాకు మంటే. మూడొందల గొంతులు లోపలిదాకా చూసినదాన్ని, ఒక్క గొంతు కూడా చూడని వాడు కూర్చోమంటే కూర్చున్నాను. పుంజులు ఇన్నేళ్ళు కూశాయి, మునగాల్సిందంతా మునుగుతూనే ఉంది. సభ ఏకగ్రీవంగా కొండనే ఖాయం చేసింది. ఇంజనీరు వచ్చి చూసి సరేననడమే తరవాయి.

మా అక్క థెయిలిన్ రోడ్డు మలుపులో రేకు కింద చెక్కపీట వేసుకుని ముప్పై రెండేళ్ళు క్వాయ్ అమ్మింది. ఊళ్ళో సగం పెదవులు ఎర్రబడింది ఆమె చేతి సున్నంతోనే. అన్నం దిగడం లేదని ఆమె నాకు చెప్పేనాటికి ఆరు నెలలు దాటిపోయింది. నర్సు చెల్లెలు ఇంట్లో ఉండగానే. గువాహటిలో కరెంటు పెట్టారు. వెళ్ళడం ఒక శిక్ష, రావడం ఇంకో శిక్ష. ఇప్పుడు గంజి, దాని మీది తేట, అంతే.

సభలో జరిగింది చెప్పాను. గంజి గ్లాసు పక్కన పెట్టి, ఆమె మెల్లగా నవ్వింది. నవ్వితే దగ్గొస్తుంది, అయినా నవ్వింది.

"ఒక్క క్వాయా? వక్క అమ్మిన దాన్ని నన్ను అడగొచ్చుగా."

"ఆడదాన్ని ఎవడడుగుతాడు కాంగ్?"

"ఇంజనీరు ఎప్పుడొస్తాడు?"

"గురువారం."

"నేనూ వస్తా."

"మతి పోయిందా నీకు? వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళడానికి రెండు సార్లు కూర్చుంటున్నావు!"

"అందుకే వస్తానంటున్నా." గొంతు బొంగురుపోయి మాట గాలిలా వస్తోంది. దగ్గరికి జరిగి విన్నాను. "నా కోసం కాదే హున్. ఆ ఆస్పత్రి గుమ్మం నేను చూడను, నాకు తెలియదా? సుమోలో నా పక్కన కూర్చుని సంచీలో కక్కుకునే పిల్ల ఉందే, దరిసా. దానికి ముప్పై నాలుగేళ్ళు. అది ఎక్కాలా ఆ కొండ? రోడ్డు మీద బండి దిగి గుమ్మంలో అడుగుపెట్టేలా ఉండాలి. అలా ఉంటేనే వెళతారు. లేకపోతే ఇంట్లోనే పోతారు."

బుధవారం సాయంత్రం ఆమె కూర్చుని, వక్కలు చెక్కి, ఆకులు తుడిచి, సున్నం రాసి, మడతలు పెట్టింది. ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ తన బుట్ట నింపింది.

గురువారం పొద్దున్న ఇంజనీరు బరువా జీపు దిగాడు. పలచటి మనిషి, కొత్త బూట్లు, చంకలో ఫైలు. ఫుల్‌మూన్ కోటు తొడిగి, గళ్ళ తలపాగా చుట్టి పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. పైన పటారం, లోన లొటారం. పక్కన కోర్‌డోర్, గుమస్తా, చర్చి పెద్ద, ఇంకో పదిమంది. కొండ దారి మొదట్లో మా అక్క బుట్టతో కూర్చుని ఉంది.

"కాంగ్ థే! నువ్వెందుకు లేచొచ్చావమ్మా ఈ ఒంటితో?" అన్నాడు ఫుల్‌మూన్. గొంతులో జాలి, కళ్ళల్లో చిరాకు.

"క్వాయ్ ఇవ్వడానికి బా. క్వాయ్ లేకుండా దూరం ఎలా కొలుస్తారు?"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వక తప్పలేదు. క్వాయ్ ఇస్తే కాదనడం మా దగ్గర లేదు. ఇచ్చిన మనిషిని కొట్టినట్టే అది.

"అందరూ ఒకేసారి వేసుకోండి" అంది అక్క. "ఎవరిది అయిపోతే వాళ్ళకి ఇంకోటి ఇస్తా. సారు లెక్క రాసుకుంటారు."

బరువాకి తమాషాగా అనిపించినట్టుంది. వాళ్ళ అస్సాంలోనూ వక్క తింటారు. నవ్వుతూ నోట్లో వేసుకున్నాడు. మా పచ్చి వక్క సంగతి ఆయనకి ఇరవై అడుగుల్లో తెలిసింది. చెవులు ఎర్రబడ్డాయి, నుదుటి మీద చెమట పట్టింది. "ఏమిటండీ ఇది, ఒళ్ళంతా కాలుతోంది" అని టై లాక్కున్నాడు.

"కొండగాలికి సర్దుకుంటుంది సార్" అన్నాడు ఫుల్‌మూన్.

మొదటి మలుపు దాటకుండానే గుమస్తాది అయిపోయింది. సిగ్గుపడుతూ చెయ్యి చాచాడు. అక్క ఇంకోటి ఇచ్చింది. రెండో మలుపులో చర్చి పెద్దదీ, కోర్‌డోర్‌దీ అయిపోయాయి. మెట్లలాంటి రాళ్ళు, మధ్యలో ఊట నీళ్ళు, పక్కన లోయ. అక్క ఒక చేత్తో నా భుజం పట్టుకుని, పదడుగులకోసారి ఆగుతూ నడిచింది. ఆగినప్పుడల్లా వెనకవాళ్ళూ ఆగారు. ఆగకుండా పైకి పోయింది ఫుల్‌మూన్ ఒక్కడే. పైనుంచి గాలి గురించీ దృశ్యం గురించీ ఉపన్యాసం ఇస్తున్నాడు. మాటలు కాస్త ముద్దముద్దగా వస్తున్నాయి.

నాకు అనుమానం అక్కడే వచ్చింది. దవడలు చూడటం నా వృత్తి. ఆయన ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది, దవడ మాత్రం కదలడం లేదు. పెదవులు పొడిగా, తెల్లగా ఉన్నాయి. అందరి నోళ్ళూ ఎర్రగా పండితే ఈయనది మాత్రం ఉపవాసం ఉన్నవాడి నోరులా ఉంది. సంగతి అర్థమై నాకు నవ్వు రాలేదు. అసహ్యం వేసింది. అబద్ధం ఆడేవాళ్ళని చాలామందిని చూశాను గాని, అబద్ధాన్ని ఇలా బుగ్గలో దాచుకుని కొండెక్కేవాణ్ణి చూడలేదు.

మూడో మలుపులో పరుపురాళ్ళు ఉన్నాయి. ఎప్పుడో పోయిన ఏ అమ్మమ్మల పేరునో, అలిసినవాళ్ళు కూర్చుంటారని పరిచిన రాళ్ళు. అక్క అక్కడ కూలబడింది. ముఖం బూడిద రంగులోకి తిరిగింది. నాడి పట్టుకుంటే పిట్ట గుండెలా కొట్టుకుంటోంది. "ఇక్కడితో చాలు" అన్నాను. తలూపింది. చూపు మాత్రం పైన ఫుల్‌మూన్ మీదే ఉంది.

బరువా కూడా రాయి మీద చతికిలబడి, "ఇంకా ఎంత దూరం?" అన్నాడు.

"అదిగో సార్, వచ్చేశాం!" ఫుల్‌మూన్ రెండడుగులు కిందికి దిగి బుగ్గ తట్టుకుని చూపించాడు. "నాకు ఇంకా మొదటిదే అవలేదు, చూడండి!"

"చూపించండి బా" అంది అక్క.

"ఏమిటి?"

"క్వాయ్. నోరు తెరవండి."

ఊరిపెద్దని నోరు మూసుకోమన్నవాడే మా ఊళ్ళో పుట్టలేదు, ఇక తెరవమనడమా! నేను ముందుకెళ్ళాను. "నేను చూస్తాను బా. ముప్పై ఏళ్ళు నా ఉద్యోగం అదేగా. ఆ అనండి."

"ఆడవాళ్ళకి ఇక్కడేం పని..." అని మొదలుపెట్టాడు. మాట సరిగ్గా తిరగలేదు.

"తెరువు మామా, చూద్దాం" అన్నాడు కోర్‌డోర్. మైదానం కోసం సభలో గొంతు చించుకున్నవాడే. పందెం అంటే చాలు, అది ఎవరి మీదైనా సరే, ఆ మనిషికి ప్రాణం లేచొస్తుంది.

ఫుల్‌మూన్ మింగెయ్యాలని చూశాడు. పచ్చి వక్క మింగుడుపడే వస్తువా? కళ్ళు తేలేశాడు, దగ్గాడు, వంగాడు. క్వాయ్ వచ్చి పరుపురాయి మీద పడింది. ఆకు మడత కూడా విడలేదు. లోపల వక్క తెల్లగా, అక్క చెక్కినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

కోర్‌డోర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. గుమస్తా లోయ వైపు తిరిగి నవ్వాడు. చర్చి పెద్ద దగ్గినట్టు నవ్వాడు. అక్క మాత్రం నవ్వలేదు. వంగి ఆ క్వాయ్ తీసి, కొంగుతో తుడిచి, అరచేతిలో పెట్టుకుని చూసింది.

"మంచి వక్క" అంది. "పాడు చేశారు. నేను తినలేను, మీరు తినరు."

బరువా చెమట తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు. "మీకు... అదేనా జబ్బు?"

ఆమె గొంతు మీద వేలు పెట్టి చూపించింది.

"అమ్మా, నిజంగా పైదాకా ఎన్ని క్వాయ్‌లు?"

"నమిలేవాళ్ళకి ఏడు, సారూ. నాలాంటి వాళ్ళకి లెక్క లేదు."

ఆయన ఫైలు తెరిచి ఏదో రాశాడు. పైకి వెళ్ళనేలేదు. దిగేటప్పుడు అక్క కాళ్ళు తేలిపోతుంటే కోర్‌డోర్ వంగి వీపు మీద ఎక్కించుకున్నాడు. ఆ ఒక్క పూట అతణ్ణి నేను తిట్టుకోలేదు.

ఫిబ్రవరిలో ఉత్తరువు వచ్చింది. రోడ్డు పక్క మైదానమే. ఇక మా ఫుల్‌మూన్ ఊరుకున్నాడా? సిగ్గులేనివాడికి నవ్వే సింగారం. మైదానం ముందు పెద్ద బోర్డు లేచింది: "ఊరిపెద్ద బా ఫుల్‌మూన్ గారి పట్టుదలతో సాధించిన క్యాన్సర్ ఆస్పత్రి." సభలో ఆయనే లేచి, "రోడ్డు పక్కన ఉంటేనే రోగికి సుఖం, ఈ మాట నేను మొదటినుంచీ చెబుతున్నా" అన్నాడు. ముందు వరస తలలూపింది. వెనక వరసలో మేము వింటూ కూర్చున్నాం. విలుకాళ్ళకి మాత్రం ఇంకో చోటు కావాల్సి వచ్చింది. ఆయన పెద్ద మనసుతో చెల్లెలి కొండ చూపించాడు. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం మా మగమహారాజులు విల్లులు భుజాన వేసుకుని రొప్పుతూ ఎక్కుతున్నారు. ఎంతా, ఒక్క క్వాయ్ దూరమే కదా.

అక్కకి ఉత్తరువు సంగతి నేనే చదివి వినిపించాను. అప్పటికి మాట పూర్తిగా పోయింది. నా చెయ్యి రెండు సార్లు నొక్కింది. మార్చి పన్నెండున పోయింది. మట్టి తవ్వే యంత్రం మైదానంలోకి వచ్చింది ఆ నెల ఇరవై ఒకటిన.

శవం ఇంట్లో ఉండగా వచ్చిన ప్రతివాళ్ళకీ క్వాయ్ పెట్టాలి. ఆమె బుట్టలోంచే పెట్టాను, ఆమె కత్తితోనే చెక్కాను. దరిసా వచ్చింది, సుమో దిగి నేరుగా, సంచీ చేతిలోనే ఉంది. తను తీసుకోలేదు, నేను ఇవ్వలేదు. ఫుల్‌మూన్ కూడా వచ్చాడు, అదే కోటుతో. తలపాగా తీసి, అక్క ముఖం వంక చూడకుండా, నా పక్కన కూర్చున్నాడు.

"ఏడవకు కాంగ్ హున్" అన్నాడు. "మీ అక్క ఇప్పుడు దేవుడింట్లో క్వాయ్ తింటోంది."

ఆ మాట నేను ఎన్నిసార్లు విన్నానో, ఎన్నిసార్లు అన్నానో. ఆ రోజే మొదటిసారి అది నా గొంతులో అడ్డం పడింది. ఏడాదిగా మంచినీళ్ళు మింగడానికి ఏడ్చిన మనిషి, తను అమ్మిన వక్కని అరచేతిలో పెట్టుకుని చూసుకున్న మనిషి, అక్కడ తింటోందట.

నేను ఒక క్వాయ్ మడిచి ఆయన చేతిలో పెట్టాను. కాదనడానికి లేదు. బుగ్గన పెట్టుకుని లేవబోయాడు.

"కూర్చోండి బా" అన్నాను. "నమలండి. నేను చూస్తుంటాను."